అడగని బిడ్డకు మనమచ్చియున్నది



బాగున్న బిడ్డను వైద్యుని యొద్దకు ఎందుకు తీసికొనిపోవలెను? తొండేభావి, గౌరీబిదనూరు, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో ఈ ప్రశ్న తరచు వినబడుచున్నది. జ్వరము వచ్చిన రాత్రి బిడ్డను భుజాన వేసికొని పరుగెత్తు తల్లిదండ్రులే, బిడ్డ ఆడుకొనుచున్న దినమున మాత్రము "ఏమీ లేదు గదా, ఒక దినపు కూలి పోగొట్టుకొనుట ఎందుకు?" అందురు. ఈ మాటలో సోమరితనము లేదు, ప్రేమ తక్కువయైనదనియు చెప్పలేము. మంచి తల్లిదండ్రులే ఈ మాట అనుచున్నారు. కావున దీనిని గద్దించి విడిచిపెట్టక, నిదానముగా ఆలోచించి జవాబు చెప్పవలసియున్నది.

అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. పెద్దవారి విషయములో ఇది నిజమే కావచ్చును. ఆకలి వేసిన బిడ్డ ఏడ్చును గనుక అక్కడకూడ కొంతవరకు నిజమే. అయితే బిడ్డకు కావలసినవాటిలో ఏడ్చి అడుగలేనివి అనేకములున్నవి. తన రక్తము పలుచనైనదని ఏ బిడ్డయు చెప్పలేదు. తన యెడమ కన్ను మసకగా చూచుచున్నదని మూడేండ్ల పిల్లవాడు ఎరుగడు. లోకమంతయు అట్లే కనబడునని వాడనుకొనును. కావున అసలు ప్రశ్న వైద్యుని గూర్చినది కాదు. అడుగుట తెలియనివారికి మనమేమి అచ్చియున్నాము అన్నదే ప్రశ్న.

బాగున్నాడని మనకెట్లు తెలియును?

వైద్యుని అవసరము ఎవరికి అన్న విషయమై ప్రభువు పరిసయ్యులతో పలికిన మాటను కొందరు ఇక్కడ ఎత్తి చూపుదురు. బాగున్నవానికి ఆసుపత్రి ఎందుకని ప్రభువే చెప్పెను గదా అందురు. ఆ సందర్భమును మరల చదివి చూడండి. అక్కడ ఆయన యెదుట నిలిచినవారు తమ్మును తాము పరీక్షించుకొనకయే బాగున్నామని నిశ్చయించుకొనినవారు. ఆ మాట వారికి మెప్పు కాదు, హెచ్చరిక. బాగుండుట ఒకటి, బాగున్నామని అనుకొనుట మరియొకటి. ఈ రెంటి నడుమ ఉన్న దూరమును కొలుచుటకే పరీక్ష అవసరము.

ఒక చిన్న ఉదాహరణ. మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ ఇంచుమించు అయిదు నెలలకు ఆరు కిలోలు, సంవత్సరము నిండునప్పటికి తొమ్మిది కిలోలు తూగవలెను. రెండు నెలలు వరుసగా బరువు పెరుగక నిలిచిపోయినయెడల ఎక్కడో ఏదో తక్కువైనదని అర్థము. పాలు చాలకపోవచ్చును, కడుపులో పురుగులుండవచ్చును, లోపల ఏదైన జబ్బు మొదలై యుండవచ్చును. అయితే తల్లి కంటికి ఇది కనబడదు. ప్రతిదినము చూచు కన్ను కొద్ది కొద్దిగా వచ్చు మార్పును పట్టుకొనలేదు. చాల నెలల తరువాత ఊరినుండి వచ్చిన అమ్మమ్మ, "బిడ్డ ఇట్లు చిక్కిపోయినాడేమి?" అని అడుగును. త్రాసు ఆ మాటను ఎన్నో నెలల ముందే చెప్పియుండును.

ఈ సంగతిని గుర్తించి 1892లో ప్యారిస్ నగరపు షారితే ఆసుపత్రిలో పియెర్ బుదేన్ అను వైద్యుడు జబ్బులేని పసిబిడ్డలను క్రమముగా రప్పించి, తూచి, తల్లులకు సలహా చెప్పు పద్ధతిని ప్రారంభించెను. తరువాతి కాలమున డేవిడ్ మోర్లే అను ఆంగ్లేయ వైద్యుడు నైజీరియాలోని ఒక పల్లెలో పనిచేయుచు, బిడ్డ బరువును నెలనెలా చుక్కపెట్టి గీత గీయు కార్డును వాడుకలోనికి తెచ్చెను. నేడు మన అంగన్‌వాడీలలో కనబడు వంపు గీతల కార్డు ఆ వంశములోనిదే. చదువురాని తల్లికూడ ఆ గీత పైకి పోవుచున్నదో, చదునుగా పోవుచున్నదో చూచి తెలిసికొనగలదు.

రక్తహీనత సంగతి ఇంకను ఆశ్చర్యకరమైనది. 2019–21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్టు తేలినది. అనగా మన ఆదివారపు బడిలోని చిన్నపిల్లల తరగతిలోను అట్టివారు కొందరుండవచ్చును. వారు పాటలు పాడుచున్నారు, మిఠాయికి పరుగెత్తుచున్నారు. అయినను లోపల ఇనుము చాలక, నేర్చుకొను శక్తి సన్నగిల్లుచుండును. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఇది బాగుగా తెలిసిన సంగతి. మందకొడియని పేరుపడిన పిల్లలలో కొందరికి తెలివి తక్కువ కాదు, రక్తము తక్కువ. మరి కొందరికి బోర్డుమీది అక్షరము కనబడదు. ఇంకను కొందరికి చెవిలో చీము కారి పాఠము సగమే వినబడును. ఒక కన్ను మందముగా నున్న బిడ్డకు ఆ కంటినుండి వచ్చు చూపును మెదడు క్రమముగా విడిచిపెట్టును. చిన్నతనములో అద్దములిచ్చి, మంచి కంటికి కొంతకాలము కట్టు కట్టి దీనిని సరిచేయవచ్చును. ఏడెనిమిదేండ్లు దాటిన తరువాత అది మిక్కిలి కష్టము. కాలము తప్పిన మంచి పని సగము పనియే అగును.

మన నీరు నేర్పు పాఠము

ఈ ప్రాంతములో ఉండువారికి దీనిని బోధించుటకు పుస్తకములు అక్కరలేదు, మన బోరుబావి నీరే చాలును. చిక్కబళ్ళాపురము జిల్లాలో సంవత్సరమంతయు పారు నది లేదు. చెరువులెండినకొలది బోర్లు లోతుకు దిగినవి. అట్టి లోతు రాళ్ళలోని నీటిలో అనేక చోట్ల ఫ్లోరైడు మితిమించి యున్నది. బాగేపల్లి, గౌరీబిదనూరు, చింతామణి తాలూకాలు ఇందుకు పేరుపడినవి. త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, వేరు నీరు దొరకనిచోటకూడ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదనియు మన దేశపు ప్రమాణము.

ఫ్లోరైడు ఎట్లు పనిచేయునో గమనించండి. బిడ్డ శాశ్వత దంతములమీది పింగాణి పొర పుట్టిన కాలము మొదలు ఇంచుమించు ఎనిమిదేండ్ల వరకు చిగురులోపలనే తయారగుచుండును. ఆ కాలమున త్రాగిన నీటిలో ఫ్లోరైడు ఎక్కువైనయెడల ఆ పొర చెడును. అయితే ఆ చెడుగు అప్పుడు కనబడదు. ఆరేడేండ్లకు పాలపండ్లు ఊడి కొత్త పండ్లు వచ్చినప్పుడు సుద్దవంటి తెల్లని చారలు, తరువాత గోధుమరంగు మచ్చలు కనబడును. మచ్చ కనబడిన దినము నష్టము జరిగిన దినము కాదు. నష్టము ఎన్నో యేండ్ల క్రిందటనే, బిడ్డ నవ్వుచు ఆడుచున్న దినములలో జరిగినది. ఆ మచ్చను ఏ పండ్లపొడియు తుడువలేదు. ఇంకను అనేక సంవత్సరములు అదే నీరు త్రాగినయెడల ఎముకలు, కీళ్ళు బిగిసిపోవును.

మనలో కొందరి తాతల ఊళ్ళు పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు. మద్రాసు రాజధానిలో ఈ వ్యాధి యున్నదని 1937లో వైద్యులు వ్రాసి ప్రకటించినప్పుడు వారు పరిశోధించినది నాటి నెల్లూరు జిల్లాయే. మన నందికొండల ప్రాంతమున పుట్టిన పెన్నేరు ఆ నెల్లూరివద్దనే సముద్రములో కలియుచున్నది. ఏటికి ఆ కొనను ఉన్నవారము ఈ కొనకు వచ్చితిమి గాని, నీటి కష్టము మనకు తప్పలేదు.

కావున మనము చేయవలసినదేమి? నీరు కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరి అది ఇంకను చిక్కబడును. గుడ్డతో వడగట్టినను పోదు. పరీక్షించిన నీరు, శుద్ధి యంత్రము నుండి వచ్చిన నీరు, లేక శుభ్రముగా పట్టిన వాననీరు బిడ్డ త్రాగుటకును వంటకును వాడవలెను. ఇంటిలో ఒక్క బిందె మంచి నీరే దొరికినయెడల అది మొదట ఎవరిది? పండ్లు ఇంకను తయారగుచున్న బిడ్డది. పాలు, రాగి సంకటి, ఆకుకూరలు దొరకునప్పుడు వాటి విషయములోను ఇదే న్యాయము.

విశ్వాసలోపమా?

కొందరు సహోదరులు, "ముందుగానే పరీక్ష చేయించుట దేవునియందు అనుమానపడుట కాదా?" అందురు. దీనికి జవాబు ధర్మశాస్త్రములోనే యున్నది. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇల్లు కట్టువాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెనని ఆజ్ఞ గలదు. ఎవడో పడిన తరువాత కట్టుమని కాదు, పడకమునుపే కట్టుమని. కట్టనియెడల పడినవాని రక్తాపరాధము ఇంటిమీదికి వచ్చునని హెచ్చరికయు గలదు. ఆ ఇశ్రాయేలీయుడు పిట్టగోడ కట్టుచున్నప్పుడు దేవదూతల కాపుదలను అనుమానించెనా? లేదు. ఆ గోడయే విధేయత. మన ప్రాంతములోను మిద్దెలున్నవి. వడియాలు ఎండబెట్టు మిద్దెకు గోడ కట్టుదుము, టీకాకు మాత్రము విశ్వాసలోపమని పేరు పెట్టుదుమా?

ఇంకొక మాట. మనము బాప్తిస్టులము. పసిబిడ్డలకు మనము బాప్తిస్మమియ్యము. ఎందుకు? విశ్వాసము ఒకని బదులు మరియొకడు ఉంచదగినది కాదు గనుక. తండ్రి యెంత భక్తిపరుడైనను కుమారుని పక్షముగా ఒప్పుకోలు చేయలేడు. ఆ బిడ్డ ఎదిగి తానే నిర్ణయించుకొనవలెను. ఇది మన పితరులు శ్రమలుపడి నిలుపుకొనిన సత్యము. మరి అదే సత్యమును ఇక్కడకు తీసికొనిరండి. ఒకడు తన విశ్వాసమునుబట్టి తన దేహమునకు మందు వద్దనవచ్చును. అది వానికిని దేవునికిని మధ్యనున్న సంగతి. అయితే తన విశ్వాసమును బిడ్డ దేహముమీద పందెము కాయుటకు వానికి అధికారమెక్కడిది? బిడ్డ ఆత్మ విషయములో బిడ్డ స్వాతంత్ర్యమును గౌరవించు మనము, ఆ స్వాతంత్ర్యమును వినియోగించు వయస్సువరకు బిడ్డ క్షేమముగా చేరునట్లు చూడవలదా?

హన్నా సంగతి తలంచండి. ఆమె సమూయేలును దేవునికి ప్రతిష్ఠించినది. అంతటితో నా పని తీరెనని కూర్చుండలేదు. ఏటేట అతనికి చిన్న అంగీ కుట్టి తెచ్చినది. ఏటేట కొత్త అంగీ తేవలెనన్న బిడ్డ ఎంత ఎదిగెనో ఏటేట ఎరిగియుండవలెను గదా? దేవునికి అప్పగించుటయు, కొలత చూచుకొనుటయు ఆమెయందు ఒకదానికొకటి విరోధముగా లేవు.

ఏదైన బయటపడినయెడల?

చెప్పుకొనని భయము మరియొకటి యున్నది. పరీక్షలో ఏదైన లోపము బయటపడినయెడల ఏమి చేయుదుము? ఆడపిల్లయైనయెడల రేపు పెండ్లి ఎట్లు? సంఘములో ఎవరేమందురు? పుట్టు గ్రుడ్డివానిని చూచి శిష్యులు అడిగిన ప్రశ్న మన వాకిళ్ళలో ఇంకను చావలేదు. ఇది ఎవరి పాపమని అడుగువారు ఇంకనున్నారు. ప్రభువు ఆ ప్రశ్నను అంగీకరింపక ఆ మనుష్యునికి చేయవలసిన పని చేసెను. మనమును అట్లే చేయవలెను. వంకరపాదముతో పుట్టిన బిడ్డకు మొదటి వారములలోనే పట్టీలు మొదలుపెట్టినయెడల పెద్ద శస్త్రచికిత్స లేకయే చాలమట్టుకు పాదము సరియగును. గుండెలో రంధ్రమును వేళకు గుర్తించినయెడల చికిత్స గలదు. దాచిపెట్టినయెడల లోపము పోదు, వేళ మాత్రము పోవును. కావున ఒక కుటుంబము ధైర్యముచేసి బిడ్డను చూపించినప్పుడు ఆ ఫలితము వారి ఇంటిదే. దానిని ప్రార్థన విన్నపమను పేరుతో ఊరంతయు చాటుట ప్రేమ కాదు.

అయితే న్యాయముగా ఇంకొక వైపు కూడ చెప్పవలెను. పరీక్షలన్నియు మంచివి కావు. పట్టణములలో కొన్నిచోట్ల అక్కరలేని రక్తపరీక్షలు, స్కానింగులు ప్యాకేజీలుగా కట్టి అమ్మువారున్నారు. భయమును అమ్మి డబ్బు చేసికొనుట వ్యాపారము, అది వైద్యము కాదు. చిన్నబిడ్డకు క్రమముగా కావలసినవి కొద్దియే: బరువు, పొడవు, తలచుట్టు కొలత, టీకాలు, కన్ను, చెవి, పండ్లు, రక్తము, వయస్సుకు తగిన నడక, మాట. వీటిలో అనేకము ఖర్చు లేకయే జరుగును. బిడ్డ దినదినము తుమ్మినను దగ్గినను వణకిపోవలెనని మేము చెప్పుటలేదు. క్రమము తప్పకుండుట వేరు, కలవరపడుట వేరు. నిజమునకు క్రమమున్నచోట కలవరము తగ్గును.

వలస వచ్చినవారి చిక్కు

మన కుటుంబములకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి గలదు. కాన్పుకు కూతురు పుట్టింటికి పోవును. ఆంధ్రలో తల్లీబిడ్డల కార్డు వ్రాయుదురు. మూడు నెలలకు ఇక్కడికి వచ్చినప్పుడు ఆ కార్డు అక్కడి పెట్టెలోనే నిలిచిపోవును. ఇక్కడ తాయి కార్డు గలవారి పేర్లు ఆశా కార్యకర్త పుస్తకములో నుండును, మన బిడ్డ పేరుండదు. అక్కడివారు ఇక్కడ వేయించుకొనెదరనుకొందురు, ఇక్కడివారు అక్కడ వేయించుకొనిరనుకొందురు. రెండు పుస్తకముల నడుమ బిడ్డ జారిపోవును. దీనికి పరిష్కారము కష్టము కాదు. ప్రభుత్వపు టీకాలు ఏ రాష్ట్రములోనైనను ఉచితమే. పోయిన చోట పేరు చెప్పి వ్రాయించుకొనవలెను. ఈ ప్రాంతములో తెలుగు ఎల్లరికి వచ్చును గనుక కన్నడము రాదను సాకు కూడ మనకు లేదు.

అంగన్‌వాడీ పని 1975 అక్టోబరు 2న ప్రారంభమైన పథకము క్రింద జరుగుచున్నది. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు అంగన్‌వాడీలకు సంవత్సరమునకు రెండు మారులు, ప్రభుత్వ, ఎయిడెడ్ బడులకు ఒక మారు వచ్చి పిల్లలను చూడవలెను. లోపము కనబడినయెడల పై ఆసుపత్రికి పంపుదురు. ఇక్కడ ఒక మాట గమనింపుడి. ఫీజు కట్టి ప్రైవేటు ఇంగ్లీషు బడికి పంపు బిడ్డలకు ఈ బృందము రాదు. మనము మంచి చదువని సంతోషించుచుండగా ఆ బిడ్డ కంటిచూపును ఎవరును చూడక పోవచ్చును. అట్టి తల్లిదండ్రులు తామే పూనుకొనవలెను.

టీకాలను తొమ్మిది నెలల తట్టుసూదితో ముగిసినవనుకొని ఆపివేయువారు అనేకులు. ఒకటిన్నర యేట ఒకటి, అయిదారేండ్లకు ఒకటి, పదియేండ్లకు, పదునారేండ్లకు ఇంకను గలవు. విటమిన్ ఏ చుక్కలు తొమ్మిదవ నెల మొదలు అయిదేండ్లవరకు ఆరు నెలలకొకసారి ఇయ్యవలెను. సూదివేసిన రాత్రి కొద్దిపాటి జ్వరము వచ్చుట సహజమే. దానికి భయపడి తరువాతి సూది మానరాదు. మన దేశములో సహజ పోలియో వైరస్ వలన కలిగిన చివరి కేసు 2011 జనవరిలో కనబడినది. కుంటికాలితో మన సంఘములలోనికి వచ్చు పసిబిడ్డలు నేడు లేకపోవుట ఎవరో ఇంటింటికి తిరిగి చుక్కలు వేసినందుననే. రాని జబ్బుకు ఎవరును కృతజ్ఞతార్పణ తేరు. నివారణ అను పనికి ఉన్న కష్టమే ఇది, దాని ఘనతయు ఇదియే.

సంఘము చేసిన మాట

బిడ్డ ప్రతిష్ఠ దినమున తల్లిదండ్రులు మాత్రమే మాటయిచ్చుట లేదు. ఈ బిడ్డను పెంచుటలో తోడ్పడుదుమని సంఘమంతయు లేచి నిలుచుచున్నది. ఆ మాటకు అర్థము పాటలు నేర్పుట మాత్రమేనా? స్వగ్రామములో అవ్వ ఉండును, పిన్నమ్మ ఉండును. ఇక్కడ సంఘమే అవ్వ, సంఘమే పిన్నమ్మ. మన చరిత్రలోను శరీరమును ఆత్మను వేరుచేయలేదు. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము కాంట్రాక్టు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. వెల్లంపల్లి వద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందినది ఆ తరువాత, 1878 జూలైలో.

కావున మేము సంఘములకు మనవి చేయునది కొద్దియే. స్త్రీల సమాజమువారు అయిదేండ్లలోపు బిడ్డల పుట్టినతేదీలు, రావలసిన టీకాలు ఒక పుస్తకములో వ్రాసికొనవలెను. వేళ వచ్చినప్పుడు తల్లికి జ్ఞాపకము చేయవలెను. దినకూలికి పోవు తల్లులున్నచోట ఖాళీగానున్న ఒక పెద్దమ్మ తల్లుల అనుమతితో ఇద్దరు ముగ్గురు బిడ్డలను కార్డులతోకూడ తీసికొనిపోవచ్చును. కూలి పోవుట నిజముగా కష్టమైన ఇంటికి పరిచర్య నిధినుండి ఆ దినపు కూలి ఇచ్చుటకు ఏ సంఘమును బీదది కాదు. ఆదివారపు బడి ఉపాధ్యాయులు ఒక్కొక్క కన్ను మూయించి దూరమునున్న అక్షరము చదివించినయెడల అదియే ఒక పరీక్ష. రానివారి పేరు గుడిలో చదివి సిగ్గుపరచవద్దు. మరల వారి ఇంటికి పోయి అడుగుడి.

ఎదిగిన తరువాత ఈ బిడ్డలకు మనము చేసినది తెలియదు. చూపు బాగున్నవాడు తన చూపును కాపాడినవారిని ఎరుగడు. తెలియక పోయినను అచ్చియున్నది అచ్చియున్నదే. ఈ నెలలో మీ ఇంటి పెట్టె తెరచి బిడ్డ కార్డు ఎక్కడున్నదో చూడండి. లేనియెడల ఆశా కార్యకర్తను అడిగి కొత్తది వ్రాయించుకొనుడి. ప్రభువు మన బిడ్డలను వయస్సునందును జ్ఞానమునందును వృద్ధిపొందించును గాక.